జూన్‌లో అమెరికా ఎడారిలో ఆర్‌వీ ప్రయాణం: ఇంట్లో పెద్దవాళ్లతో కుదురుతుందా?

అయ్యవారు_అనంత | అనంతపురం

అందరికీ నమస్కారం. మా అబ్బాయి ఫీనిక్స్‌లో ఉంటాడు. జూన్ రెండో వారంలో నేనూ మా ఆవిడా వాళ్ల దగ్గరికి పోతున్నాం. పిల్లలకు సెలవులు కాబట్టి ఒక ఆర్‌వీ బాడుగకు తీసుకొని అందరం కలిసి తిరుగుదామంటున్నాడు. తెలియనివాళ్ల కోసం చెబుతున్నా, ఆర్‌వీ అంటే వ్యాన్ ఛాసిస్ మీద కట్టిన చిన్న ఇల్లు. మంచాలు, పొయ్యి, ఫ్రిజ్, బాత్రూమ్ అన్నీ లోపలే ఉంటాయి.

వాడు వేసిన దారి: ఫీనిక్స్, గ్రాండ్ కాన్యన్, పేజ్, మాన్యుమెంట్ వ్యాలీ, జయాన్, లాస్ వేగస్, డెత్ వ్యాలీ, తిరిగి ఫీనిక్స్.

మా ఆవిడకు షుగర్, ఇన్సులిన్ మీద ఉంది. నాకు బీపీ, దానికి తోడు నడుము నొప్పి. మే నెలలో అనంతపురంలో కరెంటు లేకుండా బతికినోళ్లం, ఎడారి మనకొక లెక్కా అని నా ధైర్యం. ఆమె మాత్రం ససేమిరా అంటోంది. పోయొచ్చినవాళ్లు ఎవరైనా ఉంటే ఉన్నది ఉన్నట్టు చెప్పండి. ఇంకొకటి, బండి పోతున్నప్పుడు నేను వెనక మంచం మీద పడుకొని రావచ్చా?

---

పెన్నా_గట్టు | జమ్మలమడుగు

ఎందుకు సార్ అంత దూరం? మన గండికోట ఉంది కదా. అదే ఎర్ర రాయి, అదే లోయ, కింద పెన్న. టెంపో ట్రావెలర్ మాట్లాడుకుంటే పొద్దున బయలుదేరి సాయంత్రానికి ఇంట్లో ఉంటారు.

---

ఉగ్గాని_బజ్జి | కర్నూలు

@పెన్నా_గట్టు అన్నా, ఆయన కొడుకును చూడటానికి పోతున్నాడు. కొడుకు గండికోటలో లేడు.

---

సీమ_టు_అరిజోనా | కర్నూలు (కొన్నేళ్లు అక్కడే పని చేసి వచ్చా)

అయ్యవారూ, మీ ధైర్యంలో సగం నిజముంది. అనంతపురం సముద్ర మట్టానికి సుమారు 335 మీటర్ల ఎత్తులో ఉంది. ఫీనిక్స్ కూడా ఇంచుమించు అంతే, 331. పొడి ఎండ, రాళ్ల గుట్టలు, ముళ్ల చెట్లు చూస్తే మన ఊరే అనిపిస్తుంది. కానీ మనకు మేలో 42 దాటితే పేపర్లో వేస్తారు. అక్కడ జూన్‌లో పగటి గరిష్ఠాల సగటే 40 పైన. 2023లో వరసగా 31 రోజులు 43 డిగ్రీలు దాటింది. 1990 జూన్ 26న 50 కొట్టింది. మనకు జూన్‌లో నాలుగు చినుకులు పడి చల్లబడుతుంది. అక్కడ జూన్‌లో వాన అన్నదే దాదాపు ఉండదు, ఏడాది మొత్తం కలిపినా 200 మిల్లీమీటర్ల లోపే.

అసలు సంగతి చెబుతా. మీ అబ్బాయి దారిని మ్యాప్ చూసి వేశాడు. ఎత్తు చూసి వేయాలి. అరిజోనా, యూటా అంటే అంతా ఒకే ఎడారి కాదు. మెట్లు మెట్లుగా ఉంటుంది. గ్రాండ్ కాన్యన్ సౌత్ రిమ్ (లోయ దక్షిణపు అంచు) 2,100 మీటర్లు, అంటే మన ఊటీ కన్నా కొంచెమే తక్కువ. జూన్‌లో అక్కడ పగలు 27, 28 ఉంటుంది, రాత్రి స్వెటర్ కావాలి. అక్కడికి పోయే దారిలోనే ఫ్లాగ్‌స్టాఫ్ ఉంది. అదీ అంతే ఎత్తు, చుట్టూ పైన్ చెట్ల అడవి. యూటాలో బ్రైస్ కాన్యన్ అంచు 2,400 మీటర్ల పైమాటే. ఇవి మీకు హాయిగా ఉంటాయి.

పేజ్ 1,300 మీటర్లు. ఎండ ఉంటుంది, ఓర్చుకోవచ్చు. లాస్ వేగస్ 600. ఇక డెత్ వ్యాలీలో బ్యాడ్‌వాటర్ సముద్ర మట్టం కన్నా 86 మీటర్లు కిందుంది. 1913 జూలై 10న అక్కడి ఫర్నెస్ క్రీక్‌లో 56.7 డిగ్రీలు నమోదైంది, ఇప్పటికీ ప్రపంచ రికార్డు అదే. ఆ ఒక్క పేరు కొట్టేయమనండి. కొట్టేయకపోయినా బాడుగకిచ్చేవాళ్లే ఒప్పుకోరు లెండి. వేసవిలో డెత్ వ్యాలీకి తీసుకుపోకూడదని చాలా ఆర్‌వీ ఒప్పందాల్లో రాసే ఉంటుంది. చిన్న అక్షరాల్లో ఉంటుంది, చదవమని చెప్పండి.

---

అయ్యవారు_అనంత | అనంతపురం

ఫీనిక్స్‌దీ మనదీ ఒకే ఎత్తా! ఇన్నాళ్లూ వాడు "అచ్చం మన ఊరే నాన్నా" అంటుంటే నమ్మలేదు. ఊటీ అనగానే మా ఆవిడ కొంచెం మెత్తబడింది.

అయితే బండిలో ఏసీ ఉంటుంది కదా? డెత్ వ్యాలీలో దిగకుండా కిటికీలోంచి చూసి పోతే?

---

సీమ_టు_అరిజోనా | కర్నూలు

ఏసీ మీద ఆశ పెట్టుకోకండి. ఎండలో నిలబెట్టిన ఆర్‌వీ రేకుల షెడ్డుతో సమానం. గోడలు పలచన, కిటికీలు ఎక్కువ. పైకప్పు మీది ఏసీ బయటి వేడి కన్నా ఓ పది, పదకొండు డిగ్రీలు తగ్గించగలదు. బయట 43 అయితే లోపల 32. అదీ కరెంటు పాయింటు ఉన్న చోట ఆపి, తలుపు మాటిమాటికీ తీయకుండా ఉంటే. ఇద్దరు పిల్లలున్న బండిలో తలుపు మూసి ఉంటుందా?

బండి నడుస్తున్నప్పుడు డ్రైవర్ ముందుండే ఏసీ గాలి వెనకదాకా రాదు. పైకప్పు ఏసీ వేయాలంటే జనరేటర్ నడపాలి. అది బండి పెట్రోలే తాగుతుంది, ట్యాంకు పావుకు వస్తే తనంతట తనే ఆగిపోతుంది. బాడుగ బండ్లలో జనరేటర్‌కు గంటల లెక్కన విడిగా డబ్బు తీసుకునేవాళ్లూ ఉన్నారు. బుక్ చేసేటప్పుడే అడగాలి.

మంచం మీద పడుకొని రావడం కుదరదు సార్. బండి కదులుతున్నంతసేపూ అందరూ సీట్లో బెల్టు పెట్టుకొని కూర్చోవాల్సిందే. ఆ వెనక అరల్లో గిన్నెలు, సామాన్లు ఉంటాయి, గట్టిగా బ్రేక్ పడితే అన్నీ పడుకున్నవాళ్ల మీదికే వస్తాయి. నడుముకు దిండు పెట్టుకోండి, గంటన్నరకోసారి ఆపి నాలుగడుగులు వేయండి.

---

లారీ_తాడిపత్రి | తాడిపత్రి

నేను అమెరికా చూడలేదు. కానీ ఎండలో బండి తోలడం తెలుసు కాబట్టి రాస్తున్నా.

బండి తీసుకునే రోజే టైర్లు చూడమను మీవాణ్ని. టైరు పక్కన నాలుగంకెల తేదీ ఉంటుంది. 2319 అంటే 2019లో 23వ వారం తయారీ. బాడుగ బండ్లు ఎక్కువ రోజులు ఎండలో ఊరికే నిలబడి ఉంటాయి, గాడి కనిపిస్తున్నా రబ్బరు పగిలిపోయి ఉంటుంది. పాత టైరయితే వేరే బండి ఇమ్మని అడగాలి, మొహమాటం వద్దు. గాలి తెల్లవారుజామున, బండి కదలకముందే చూసుకోవాలి. మధ్యాహ్నం కొలిస్తే ఎక్కువ చూపిస్తుంది. అయ్యో ఎక్కువైందే అని తీశారో, చల్లారాక తక్కువైపోయి పక్కలు నలిగి అప్పుడు పేలుతుంది. మా కుర్ర డ్రైవర్లకు చెప్పీ చెప్పీ నోరు పోయింది.

ఇంకోటి, ఘాట్ ఎక్కేటప్పుడు టెంపరేచర్ ముల్లు లేస్తే ఏసీ ఆపేసి హీటర్ వేయాలి. చెమటలు పడతాయి, పిల్లలు గోల చేస్తారు. ఇంజిన్ మాత్రం బతుకుతుంది.

లీటరుకు ఎంత ఇస్తుంది అది?

---

సీమ_టు_అరిజోనా | కర్నూలు

@లారీ_తాడిపత్రి అన్నా, నాలుగు కిలోమీటర్లు ఇస్తే గొప్ప. మీరు చెప్పిన ఘాట్ సంగతి ఫీనిక్స్ నుంచి పైకి పోయే రోడ్డుకు అచ్చంగా సరిపోతుంది. ఫ్లాగ్‌స్టాఫ్‌కు 230 కిలోమీటర్లు, అందులోనే 1,800 మీటర్లు ఎక్కాలి. వేడెక్కకుండా ఏసీ ఆపండి అని రోడ్డు పక్కన బోర్డులే పెట్టారు. అందుకే తెల్లవారుజామున నాలుగింటికి బయలుదేరితే ఎండెక్కేలోపు పైకి చేరతారు.

---

లారీ_తాడిపత్రి | తాడిపత్రి

నాలుగా! మా పన్నెండు టైర్ల బండి బండలు లోడేసుకొని అంతే ఇస్తుంది కదప్పా.

---

నంద్యాల_డాక్టరమ్మ | నంద్యాల

అయ్యవారూ, ఇన్సులిన్ గురించి రాస్తున్నాను, జాగ్రత్తగా చదవండి. తెరవని ఇన్సులిన్ 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉండాలి. వాడుతున్నది చాలా రకాల్లో 30 డిగ్రీల లోపయితే నాలుగు వారాలదాకా బయట ఉంచవచ్చు, మీ పెట్టె మీద ఏముందో చూడండి. బయట 43 ఉన్నప్పుడు ఆ 30 కూడా గ్యారంటీ లేదని పైన ఆయన చెప్పారు కదా. చాలా ఆర్‌వీల్లో ఫ్రిజ్ ఇంట్లో ఫ్రిజ్ లాంటిది కాదు, గ్యాస్ మీద కూడా నడిచే రకం. మెల్లగా చల్లబడుతుంది, బండి వాలుగా నిలిపితే సరిగా పనిచేయదు. కాబట్టి చిన్న థర్మామీటర్ ఒకటి లోపల పెట్టండి. గడ్డకట్టే అరకు ఆనించి మాత్రం పెట్టొద్దు. ఒకసారి గడ్డకట్టిన ఇన్సులిన్ కరిగాక మామూలుగానే కనిపిస్తుంది, పనిచేయదు. విమానంలో చేతి సంచీలోనే పెట్టుకోండి, ప్రిస్క్రిప్షన్ వెంట ఉంచండి.

మీ బీపీ మాత్రల్లో మూత్రం ఎక్కువగా పోయించే రకం ఉందేమో మీ డాక్టరును అడగండి. ఉంటే ఈ ప్రయాణం గురించి చెప్పండి. మోతాదు మీరే మార్చుకోవద్దు.

పొడి వేడిలో చెమట పట్టినట్టే తెలియదు, పట్టింది పట్టినట్టు ఆరిపోతుంది. దాహం వేసేదాకా ఆగకండి. మనిషికి రోజుకు నాలుగు లీటర్లు లెక్క పెట్టుకోండి. ఓఆర్‌ఎస్ ప్యాకెట్లు ఇక్కడినుంచే తీసుకుపోండి. ఎవరైనా తడబడుతూ మాట్లాడినా, సంబంధం లేకుండా మాట్లాడినా అది అలసట అనుకోవద్దు. నీడలో పడుకోబెట్టి, ఒళ్లంతా తడిపి, గాలి విసురుతూ 911కు (అక్కడి అత్యవసర నంబరు) ఫోన్ చేయాలి.

విజిటర్ ఇన్సూరెన్స్‌లో పాత జబ్బులకు వర్తిస్తుందా లేదా అన్నది కొనేముందే చూడండి. ఈ ఒక్క విషయంలో మా పేషెంట్లు చాలామంది ధర మాత్రమే చూసి కొంటున్నారు.

---

హగరి_ఇసుక | రాయదుర్గం

ఎడారి ఎడారి అంటున్నారు, మన జిల్లాలోనే ఉంది కదా. కణేకల్లు, బొమ్మనహాళ్ మండలాల్లో వేదవతి ఒడ్డున ఇసుక దిబ్బలు చూసినారా ఎవరైనా? గాలికి కదిలి పొలాల మీదికొస్తాయి. దాన్ని చూడటానికి ఎవరూ డాలర్లు పెట్టరు.

---

పెన్నా_గట్టు | జమ్మలమడుగు

అదే నేననేది. ఇంకో మాట, వయసులో కూడా మనదే పైచేయి. గ్రాండ్ కాన్యన్‌లో పై అంచున కనిపించే సున్నపురాయి 27 కోట్ల ఏళ్లది. గండికోట రాళ్లు వంద కోట్ల ఏళ్లు దాటినవి. అక్కడ అంత పాత రాయి చూడాలంటే లోయ అడుగుకు దిగాలి. మనం కడప బండలను వంటింట్లో పరుచుకొని వాటి మీదే టమోటాలు తరుగుతున్నాం.

---

సీమ_టు_అరిజోనా | కర్నూలు

@పెన్నా_గట్టు ఆ మాట ఒప్పుకుంటా. కానీ లోతు చూడన్నా. గండికోట లోయ మూడు వందల అడుగులు. అది 1.6 కిలోమీటర్లు. అంచున నిలబడితే అడుగున కొలరాడో నది చాలా చోట్ల కనబడనే కనబడదు.

అయ్యవారూ, లోయలోకి దిగే దారి మొదట్లో చల్లగా ఉంటుంది, పిల్లలు దూకుతూ దిగుతారు. అడుగున 40 దాటి ఉంటుంది. ఎక్కడం మధ్యాహ్నానికి పడుతుంది, చిక్కంతా అక్కడే. ఒక్క రోజులో నదిదాకా దిగి ఎక్కే ప్రయత్నం చేయొద్దని పార్కువాళ్లే బోర్డులు పెట్టారు. మీరు అంచు మీద నడవండి, ఉచిత బస్సులు తిరుగుతుంటాయి.

---

నిర్వాహకుడు

గండికోట, కణేకల్లు చర్చకు వేరే థ్రెడ్ తెరవగలరు. ఇక్కడ అయ్యవారి ప్రయాణం గురించే మాట్లాడదాం.

---

ఉగ్గాని_బజ్జి | కర్నూలు

సరే, ఎవరూ అడగని ప్రశ్న నేనడుగుతా. బాత్రూమ్ బండిలోనే ఉందన్నారు. అదంతా ఎక్కడికి పోతుంది?

---

ఒంటిమిట్ట_కోడలు | కడప

నేను చెబుతాను, మేం మా మరిది వాళ్లతో పోయినాం. బండి కింద మూడు ట్యాంకులుంటాయి. ఒకటి మంచినీళ్లకు, ఒకటి సింకు, స్నానం నీళ్లకు, మూడోది మీరు అడిగినదానికి. రెండు రోజులకోసారి క్యాంపు గ్రౌండ్‌లో దానికని కట్టిన గుంత దగ్గర ఆపి, లావు పైపు తగిలించి వదిలేయాలి. ముందు మరుగుదొడ్డి ట్యాంకు, తర్వాత సింకు నీళ్ల ట్యాంకు. ఆ నీళ్లతో పైపు కడిగినట్టవుతుంది. తిరగేశారంటే పైపు అలాగే ఇంటికొస్తుంది. మా ఇంట్లో ఆ పైపు ఎవరు పట్టుకోవాలన్న దాని మీద అన్నదమ్ములిద్దరూ ఒక పూట మాట్లాడుకోలేదు. మీవాళ్లు బయలుదేరేముందే తేల్చుకోవాలి. గ్లవ్స్ డబ్బా కొనండి.

మనకు మగ్గు లేనిదే కుదరదు కదా, మొహమాటపడకుండా పెట్టుకోండి. నీళ్లు ఎక్కువ పోస్తేనే ఆ ట్యాంకుకు మంచిది, లేకుంటే లోపల గడ్డకట్టుకుపోతుంది. స్నానాలకు మాత్రం బండి నీళ్లు నమ్ముకోవద్దు. మొత్తం ట్యాంకు నూటయాభై లీటర్లు ఉంటుందేమో, ఆరుగురు తలంట్లు పోసుకుంటే ఒక్క పొద్దునకే అయిపోతుంది. చాలా క్యాంపు గ్రౌండ్లలో షవర్లున్నాయి, అక్కడికి పోండి.

వంట మాట. లోపల తిరగమోత పెట్టారంటే పొగ అలారం మొత్తుకుంటుంది. మా అత్తగారు ఎండుమిరపకాయ వేయగానే పక్క బండివాళ్లు బయటికొచ్చి చూశారు. బయట బల్ల మీద చిన్న స్టవ్ పెట్టుకొని చేసుకోండి. ఎండలప్పుడు కట్టెలు, బొగ్గులతో మంట వేయడం చాలా చోట్ల నిషేధం. గ్యాస్ స్టవ్‌కు మామూలుగా ఇబ్బంది ఉండదు, అయినా గేటు దగ్గర అడగండి. పొద్దున పూట ఉగ్గాని అన్నిటికన్నా సుఖం. బొరుగులు అక్కడ ఇండియన్ షాపుల్లో దొరుకుతాయి, పప్పుల పొడి ఇక్కడినుంచి కట్టుకుపోండి. పొయ్యి అయిదు నిమిషాలు వెలిగిస్తే చాలు. మధ్యాహ్నం మజ్జిగ, రాగి జావ. తీసుకుపోయే తినుబండారాలన్నీ ఎయిర్‌పోర్టులో కస్టమ్స్‌వాళ్లకు చూపించండి. చూపించి తీసేయించుకుంటే ఏమీ కాదు, దాచితే జరిమానా.

---

ఉగ్గాని_బజ్జి | కర్నూలు

నా పేరు సార్థకమైంది. కానీ బజ్జి లేని ఉగ్గాని తినేవాళ్లను నేను నమ్మను.

---

సీమ_టు_అరిజోనా | కర్నూలు

ఇంకొన్ని గుర్తొచ్చాయి.

సౌత్ రిమ్‌లో మాదర్ క్యాంప్‌గ్రౌండ్‌లో కరెంటు, నీళ్ల కనెక్షన్ ఉండవు. పక్కనే ట్రైలర్ విలేజ్‌లో ఉంటాయి. మీకు అదే కావాలి. జూన్‌కు నెలల ముందే నిండిపోతాయి, ఈపాటికి బుక్ చేయకుంటే పార్కు బయట టుసయాన్‌లో చూడమనండి. నార్త్ రిమ్ ఇంకా ఎత్తు, ఇంకా చల్లన. కానీ 2025 జూలై కార్చిచ్చులో అక్కడి లాడ్జి కాలిపోయింది. ఏమేం తెరిచారో చూడకుండా అటు పోవద్దు.

మాన్యుమెంట్ వ్యాలీ లోపలి మట్టి రోడ్డు మీదికి ఆర్‌వీలను రానివ్వరు. ఆర్‌వీ బయట ఆపి నావహో (అక్కడి ఆదివాసీ తెగ) గైడ్ల జీపులో పోవాలి. జయాన్ తూర్పు సొరంగంలో పెద్ద బండ్లకు ఆంక్షలున్నాయి, అటునుంచి అడ్డంగా దాటిపోదాం అనుకుంటే దెబ్బతింటారు. పేజ్ నుంచి కనబ్ మీదుగా బ్రైస్ పోతే ఆ గొడవే లేదు.

గడియారం సంగతి. అరిజోనాలో వేసవికి గంట ముందుకు జరపరు. నావహోల భూమిలో జరుపుతారు. ఫోన్ తనంతట తనే ముందుకీ వెనక్కీ మారుతుంటుంది. టూరు బుక్ చేస్తే ఏ టైమో అడిగి రాసుకోండి.

దుమ్ము తుఫాను వస్తే రోడ్డు దిగి దూరంగా ఆపాలి. లైట్లన్నీ ఆర్పేయాలి, బ్రేక్ మీద నుంచి కాలు తీసేయాలి. వెనకొచ్చేవాళ్లు ఎర్ర లైటు చూసి అదే రోడ్డనుకొని వచ్చి గుద్దుతారు. మనకు లైట్లు వేయడం అలవాటు కాబట్టి ముందే చెప్పి ఉంచండి.

---

హగరి_ఇసుక | రాయదుర్గం

ఆ సన్నటి రాతి సందు, ఆంటెలోప్ కాన్యన్, పేజ్ దగ్గరే కదా? ఫోటోల్లో చూసినా. అయ్యవారు అది వదలకూడదు.

---

సీమ_టు_అరిజోనా | కర్నూలు

అవును, పేజ్ పక్కనే. నావహో గైడు లేనిదే లోపలికి పోనివ్వరు. లోయర్ ఆంటెలోప్‌లో నిటారు ఇనుప నిచ్చెనలు దిగాలి, అయ్యవారి నడుముకు అది వద్దు. అప్పర్ చూడండి. 1997 ఆగస్టులో ఎక్కడో పైన పడిన వానకు లోయర్ సందులోకి వరద వచ్చి 11 మంది పోయారు. తల మీద ఆకాశం నీలంగానే ఉన్నా నీళ్లు రావచ్చు. జూన్ మొదట్లో భయం తక్కువ, జూలైలో వానలు మొదలయ్యాక టూరు రద్దు చేశారంటే వాదించకుండా వెనక్కి రావాలి.

---

అయ్యవారు_అనంత | అనంతపురం

రాత్రి అబ్బాయితో వీడియో కాల్‌లో ఇదంతా చదివి వినిపించా. మొదట "ఫోరమ్‌లో ఎవరో చెప్పారని నా ప్లాన్ మారుస్తావా" అన్నాడు. ఒప్పందం కాగితం తీసి చూశాక సద్దుమణిగాడు. డెత్ వ్యాలీ మాట అందులో ఉంది.

కొత్త దారి: ఫీనిక్స్ నుంచి తెల్లవారుజామున బయలుదేరి ఫ్లాగ్‌స్టాఫ్, తర్వాత సౌత్ రిమ్, పేజ్, బ్రైస్, వచ్చిన దారినే వెనక్కి. మాన్యుమెంట్ వ్యాలీ ఈసారికి వదిలేశాం. లాస్ వేగస్‌కు అబ్బాయీ కోడలూ ఎప్పుడన్నా కార్లో పోతారంట, మాకు అక్కడ పనేముంది. ఎత్తులు తక్కువున్న చోట రాత్రి బస లేదు. పేజ్‌లో మాత్రం బండి ఆపి హోటల్లో పడుకుంటాం. అది మా ఆవిడ షరతు. ఇన్సులిన్ అక్కడ మామూలు ఫ్రిజ్‌లో పెట్టుకోవచ్చని ఆమె లెక్క, కాదనడానికి నాకు మాట దొరకలేదు.

పైపు డ్యూటీ కొడుకుది. మాట తీసుకున్నా.

---

నంద్యాల_డాక్టరమ్మ | నంద్యాల

ఆవిడ లెక్క సరైనదే.

---

రైలు_గుంతకల్ | గుంతకల్

ఈ థ్రెడ్ ఇప్పుడే చూశాను. మేమూ ఆగస్టులో పోతున్నాం. నేనూ బండి తోలవచ్చా? మన లైసెన్స్ చెల్లుతుందా? దానికి వేరే పెద్ద బండి లైసెన్స్ కావాలా?

---

సీమ_టు_అరిజోనా | కర్నూలు

బాడుగకిచ్చే మామూలు ఆర్‌వీకి కారు లైసెన్స్ చాలు. మన లైసెన్స్‌తో పాటు అంతర్జాతీయ డ్రైవింగ్ పర్మిట్ తీసుకోండి. మన ఆర్టీఓ ఆఫీసులోనే ఇస్తారు, ఫీజు 1,000 రూపాయలు, ఏడాది చెల్లుతుంది. పాస్‌పోర్టు, వీసా కాపీలు అడుగుతారు. పర్మిట్ ఒక్కటే చూపిస్తే కుదరదు, ఒరిజినల్ లైసెన్స్ కూడా చేతిలో ఉండాలి. బాడుగ ఒప్పందంలో డ్రైవర్‌గా మీ పేరు రాయించుకోండి, లేకుంటే ఏదైనా అయినప్పుడు ఇన్సూరెన్స్ పలకదు. ముందు ఖాళీ పార్కింగ్ స్థలంలో వెనక్కి తీయడం నేర్చుకొని తర్వాత రోడ్డెక్కండి. వెనక ఒక మనిషి దిగి చెయ్యి ఊపకుండా రివర్స్ చేయొద్దు.

---

లారీ_తాడిపత్రి | తాడిపత్రి

ఆ చెయ్యి ఊపేవాడు అద్దంలో కనపడే చోట నిలబడాలి. కనపడకుంటే బండి ఆపేయాలి, అంతే.

---

రైలు_గుంతకల్ | గుంతకల్

సరేనన్నా. సోమవారం ఆర్టీఓ ఆఫీసుకు పోతా.